తాళం వాళ్లది, చెయ్యి మాది

ఆ ఎండాకాలమంతా మా ఊళ్లో ఒక పెంకుటిల్లు గురించే మాటలు. ఆ ఇంటిని చూసినవాడు ఊరందరిలో లతీఫ్ ఒక్కడే. అయినా దానికి ఎన్ని కిటికీలున్నాయో, ముందర ఎంత అరుగుందో, ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పేవారు.

లతీఫ్ గాజుల మలారం భుజాన వేసుకుని దేశాలు తిరిగేవాడు. ఆ ఫాల్గుణంలో ఊరికి వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. మైసూరు దాటి పైకి పోతే కాఫీ తోటల నడుమ, కొండ మీద, మెర్కారా అని పాత రాజుల ఊరుందట. అక్కడ గుమ్మటాల పక్కన మన సాదుల్లా పెంకుటింట్లో కాపురముంటున్నాడట. ఆ మాట చెప్పి, ఆడవాళ్లకు గాజులు తొడిగి, తన దారిన తాను పోయాడు. నిప్పంటించి పోయినవాడికేం, కాలింది మా కొంప.

మాది గడ్డపోతారానికి కోసెడు దూరంలోని ఊరు. సాదుల్లా మా పీర్లచావడికి ముజావరు. మా ఊరి పీరు చాచిన అరచేతి రూపంలో మూరెడు ఎత్తు వెండి పంజా. దాని విషయంలో తాతలనాడు రెండిళ్లకు పోటీ వచ్చి, పెద్దమనుషులు ఒక ఏర్పాటు చేశారు. తాళం వాళ్లది, చెయ్యి మాది. చావడి తాళంచెవి సాదుల్లా ఇంట్లో ఉంటుంది. ఊదు వెయ్యడం, ఫాతిహా చదవడం, రంగుగుడ్డల దట్టీలు కట్టడం వాళ్ల పని. వెండిని ముట్టి, కర్రదిమ్మలోంచి పైకి లేపి, ఊరంతా తిప్పి, మళ్లీ దిమ్మలో దించడం మా ఇంటి మగవాడి పని. లేపేటప్పుడు అడ్డంగా పరదా కడతారు. ఎత్తేవాడు తప్ప లోపల ఇంకో ప్రాణి ఉండకూడదు.

నలభై ఎనిమిదిలో ఎత్తే వంతు నాకు వచ్చింది. ఆ ఉగాదికే నాయిన నన్ను పరదా లోపలికి తీసుకుపోయి పద్ధతి నేర్పాడు. పీర్ల పండుగ రాకముందే నిజాం రాజ్యం పోయింది. ఆ గడబిడలో తుపాకులవాళ్లెవరో నన్ను పొలం దగ్గర పట్టుకుని, పటాన్‌చెరు తోవలో ఒక గోదాములో పడేశారు. ఎందుకు పట్టారో ఈనాటికీ నాకు తెలియదు. ఆ రోజుల్లో తుపాకీ ఉన్న ప్రతివాడూ సర్కారే. నాతో ఉన్నవాళ్లలో ఇద్దరిని బయటికి తీసుకుపోయారు, వాళ్లు మళ్లీ లోపలికి రాలేదు. నన్ను నాలుగోనాడు వదిలేశారు. మా ఊరి మొగులయ్య పటేలు చెప్పి విడిపించాడని అందరూ అనుకున్నారు. ఆయన కూడా కాదనలేదు.

నేను ఇల్లు చేరేసరికి సాదుల్లా కుటుంబం ఊరు విడిచి పోయింది. నెలపొడుపు కనిపించి తాళం విరగ్గొట్టి చావడి తెరిస్తే, కర్రదిమ్మ ఉంది, పీరు లేదు. తాళంచెవి ఉన్నవాడు పారిపోయాడు, వెండి మాయమైంది. ఇంకెవర్ని అడగాలి? చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా వెతకనవసరం లేదని ఊరు తీర్మానించింది.

అప్పటి నుంచి మాకు పండుగ లేదు. ఇప్పుడు లతీఫ్ మాటతో పాత పుండు మళ్లీ రేగింది.

"పెంకుటిల్లు ఏడికెల్లి వచ్చె? మన పీరు కరిగితే పెంకలైనయ్" అన్నాడు మొగులయ్య, చావడి ముందు అందరి నడుమ కూర్చుని. "కొత్త పీరు చేయిద్దాం. కాని ఎత్తేది సంగయ్య ఇల్లు కాదు. తాళమోడు ఒక్కడే ఎట్ల తీస్తడు? చెయ్యి కూడా కలిసి ఉంటది. ఈ పండుగ నెలపొడుపు లోపల నర్సన్న పోయి పీరన్న తేవాలె, దొంగ నోటి మాటన్న తేవాలె. లేకుంటే ఆ హక్కు ఎల్లయ్య ఇంటికి పోతది."

సంగయ్య మా నాయిన. నర్సన్నను నేను. నాయిన ఏడేళ్లుగా చావడి వైపు పోయేవాడు కాదు. ఊళ్లో అందరూ కూర్చున్నచోట ఒక చివర, చెప్పుల దగ్గర కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు రావలసిన వంతు పోయింది, మా నాయిన తల వంగింది. సాదుల్లాను నేను చిన్నప్పటి నుంచి కాకా అని పిలిచేవాణ్ణి, ఆయన భుజాల మీద కూర్చుని పీర్లు చూసినవాణ్ణి. నమ్మినవాడు చేసిన దొంగతనం రెండు దొంగతనాలు.

పోతానంటే నాయిన వద్దన్నాడు. "పోయినోణ్ని పోనియ్యిరా. హక్కు పోతే పోనీ. ఏడేండ్లు ఎత్తలే, ఏమన్న చచ్చినమా?"

నాకు అనుమానం పుట్టుకతోనే ఎక్కువ, కుండలోకి చూడకుండా నీళ్లు తాగను. ఆయనకు స్నేహితుడి మీద ప్రేమ ఇంకా చావలేదనుకుని విసుక్కున్నాను. కన్నతల్లి, మా అవ్వ మీద కూడా విసుక్కున్నాను. ఆమె రొట్టెలు కట్టి, వాటి కింద ఎండబెట్టిన చింతచిగురు మూట ఒకటి పెట్టింది.

"ఇదేంది?"

"ఖమరున్నీసాకియ్యి. ఆ దేశంల దొరుకదో ఏమో."

"దొంగ పెండ్లానికి చింతచిగురా?"

మా అవ్వ బక్కమ్మ మాటకు మాట చెప్పే మనిషి. ఆ రోజు మూటకు ముడి మాత్రం వేసింది.

కాచిగూడలో చిన్న గేజి రైలు ఎక్కి, బెంగళూరులో దిగి, మైసూరులో బస్సు పట్టేసరికి మూడు రోజులు. దారిలో ఎవరితో మాట్లాడినా వాడు సాదుల్లా మనిషేమోనని నా అనుమానం. బస్సు కొండ ఎక్కుతుంటే చైత్రమాసంలో చలి పుట్టింది. రెండు వైపులా పెద్ద చెట్ల నీడన పొదలు, పొదల నిండా తెల్లటి పూలు, మల్లెల వాసన. ఇన్ని మల్లెలు ఎవరు పెట్టుకుంటారని పక్కనున్న ముసలాయన్ని అడిగితే, అవి కాఫీ పూలని నవ్వాడు.

ఊరి మీదికి పొగమంచు దిగి ఉంది. గుమ్మటాల పక్కన అన్నాడు కదా లతీఫ్, వాటినే పట్టుకుని నడిచాను. రెండు పెద్ద గుమ్మటాలు, నాలుగు మూలలా మినార్లు కనిపించాయి. మా దగ్గర గుమ్మటం ఉన్నదంటే అది దర్గానే. చెప్పులు విడిచి, తలకు రుమాలు చుట్టి, చక్కెర పొట్లం కొని, గడప ముట్టుకుని సలాం చేశాను. "బాబా, నీ దగ్గర దాక్కున్న దొంగను నాకు అప్పగించు" అని మొక్కుకున్నాను. అక్కడ ఊడ్చేవాడు చీపురు ఆపి చూశాడు. చెయ్యెత్తి పైకి చూపించాడు. గుమ్మటం మూల మీద నంది కూర్చుని ఉంది. ఆ ఊరి రాజుల సమాధులట అవి, లోపల ఉన్నది శివలింగమట. నా మొక్కు ఎవరికి చేరిందో ఏమో. సిగ్గుపడి చక్కెర పొట్లం వాడికే ఇచ్చి, సాదుల్లా పేరు అడిగాను. గోనెసంచులు కుట్టే సాదుల్లానా అంటూ వెనక సందు చూపించాడు.

సందులోకి తిరిగి మొదటి ఇంటి ముందు ఆగాను. పెంకుటిల్లే. రెండోదీ పెంకుటిల్లే. మూడోది, పదోది, చివర కోళ్లు పెట్టుకున్న కొట్టమూ పెంకులదే. ఆ దేశపు వానకు గడ్డి కప్పు ఒక్క నెల నిలవదని తర్వాత తెలిసింది. మా ఊళ్లో పెంకులంటే పటేలు ఇల్లే కాబట్టి, ఇక్కడా అంతే అనుకున్నాం. సాదుల్లా ఇల్లు అన్నింటికంటే చిన్నది. ఒకటే గది. దాని సగం గోనెసంచుల కట్టలు, ఒక పాత కుట్టు మిషను. కాఫీ తోటలవాళ్లకు సంచులు కుట్టి ఆయన బతుకుతున్నాడు.

నన్ను చూసి ఆయన మిషను ఆపి, లేచి నిలబడ్డాడు. గడ్డం తెల్లబడింది, గోనె పీచుకు దగ్గు పట్టింది.

"నర్సిగా! నువ్వేనారా? సంగన్నకు మంచిగున్నదా? ఏమన్న అయిందా?"

"నాయినకు మంచిగనే ఉన్నది" అన్నాను. కాకా అనే మాట నాలుక మీదికి వచ్చినా మింగేశాను.

ఖమరున్నీసా చిన్నమ్మ పలకరించలేదు. ఇత్తడి గ్లాసులో నల్లటిదేదో తెచ్చి ముందు పెట్టింది. వాసన మాడినట్టు ఉంది. నేను గ్లాసు వైపూ ఆమె వైపూ చూస్తుంటే, ఆమె గ్లాసు తీసుకుని ఒక గుక్క తాను తాగి, చెంగుతో అంచు తుడిచి, మళ్లీ నా ముందు పెట్టింది.

"కాఫీ. తాగు. సంపనీకె గింత దూరం పిలిపిచ్చుకుంటమా? పిలువనే లేదు."

తాగాను. చేదు. చింతచిగురు మూట ఇస్తే ఆమె ముడి విప్పి వాసన చూసి, లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

సాదుల్లా నన్ను నడిపించుకుని కోట చూపిస్తానన్నాడు. ఇంట్లో మాట్లాడటం ఇష్టం లేక తీసుకుపోతున్నాడని అనుకున్నాను, దాని వెనక ఇంకేం ఉందోనని కూడా అనుకున్నాను. కోట లోపల రెండు ఏనుగులు నిలబడి ఉంటే అక్కడే ఆగిపోయాను. సున్నంతో చేసినవని ఆయన నవ్వి, వాటి నీడన కూర్చోబెట్టాడు. కింద లోయ నిండా మంచు, దాని అంచున తెల్లగా కాఫీ పూలు. ఇంత చల్లని చోటు చూసి కూడా నాకు సంతోషం కలగలేదు.

"అడుగు కొడకా. అడుగనీకెనే వచ్చినవ్."

"పీరేది?"

ఆయన వెంటనే జవాబిచ్చాడు. "తీసిన. అమ్మిన. మైసూరుల ఒక సేటుకిచ్చిన. మీ ఊరోళ్లకు గదే చెప్పు. నీ నాయినకు దాన్ల ఏ పాపం తెల్వదని చెప్పు. కాయిదం రాసియ్యుమంటే రాసిస్త."

మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చింది ఈ మాట కోసమే. అది ఇంత తేలికగా దొరికితే నాలాంటివాడికి మింగుడుపడదు. సంతలో అడిగిన ధరకే ఎడ్లను ఇచ్చేస్తే పళ్లు లెక్కపెట్టుకోమంటారు.

"ఎట్ల తీసినవ్? పరదా సందులకెల్లి సూసి నేర్చుకున్నవా?"

"తోబా! పరదాలకెల్లి సూస్తనా నేను? ఏముంది దాన్ల. గట్టిగ గుంజిన, వచ్చింది."

నేను ఏనుగు కాలికి ఆనుకుని కూర్చుండిపోయాను.

గుంజితే అది రాదు. దిమ్మ లోపల ఒక కొయ్యచీల ఉంటుంది. వెండిని ముందు కిందికి నొక్కాలి, ఎడమకు కొంచెం తిప్పాలి, అప్పుడు లేపాలి. గుంజినకొద్దీ చీల బిగుస్తుంది. బలవంతం చేస్తే దిమ్మ పగలాలి. ఆ ఏడు చావడి తెరిచినప్పుడు దిమ్మను నేను కళ్లారా చూశాను. గీత కూడా పడలేదు. అన్నేళ్లు చావడిలో తిరిగినవాడు ఎలాగో చూసి నేర్చుకుని ఉంటాడని అందరమూ అనుకున్నాం. ఈయన చూడలేదు. నొక్కి తిప్పడం తెలిసినవాళ్లం భూమ్మీద ఇద్దరమే. అప్పుడు నేను గోదాములో ఉన్నాను.

సాదుల్లా నా మొహం చూసి లేచాడు. "చలి పెడ్తున్నది, పోదాం పా" అన్నాడు.

ఆయన మసీదుకు పోయినప్పుడు చిన్నమ్మ నా ముందు కూర్చుంది.

"తానే తీసిన్నన్నడా?"

"అన్నడు."

"నువ్వు నమ్మినవా?"

తల అడ్డంగా ఊపాను.

"అయితే ఇను. నిన్ను పట్టుకపోయిన రెండోనాడు నీ నాయిన మా గడప మీద పడి ఏడ్చిండు. గోదాముకాడోళ్లు వెండో బంగారమో తెమ్మన్నరట. మీ ఇంట్ల ఏమున్నది? మా ఇంట్ల ఏమున్నది? ఈయన తాళం తీసిండు, మీ నాయిన పీరు లేపిండు. ఊరికి తెలిస్తే దేవుణ్ని అమ్మినోడని నీ నాయినను బతుకనియ్యరు. ఆ గడబిడల మా అసొంటోళ్ల పానాలకు దిక్కు లేకుండె, మేము ఎట్లన్న పోవుడే ఉండె. 'నా మీద ఎయ్యి సంగన్నా, పోయేటోడి నెత్తి మీద ఏమేసినా బరువు కాదు' అన్నడు ఈయన." చిన్నమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "బరువు కాకుంటుందా? లతీఫ్ మమ్మల్ని సూసి మొహం తిప్పుకున్నడు. నా బిడ్డకు వచ్చిన సంబంధం ఆ మాట మీదనే పోయింది. నేనైతే మిమ్మల్ని మాఫ్ చెయ్యలే. ఆయన చేసిండు, అది ఆయన ఇష్టం."

నాకు ఏడుపు వచ్చింది. మూరెడు వెండిని తిని బతికినవాణ్ణి నేనే. ఏడేళ్లు దొంగ దొంగ అని అరిచినవాణ్ణీ నేనే. ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

మరునాడు బస్సు దగ్గర సాదుల్లా కాక చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. "నేను చెప్పినట్టే చెప్పు బిడ్డా. ముసలోని ఇజ్జత్ నీ చేతుల ఉన్నది." సరేనన్నాను. దారి పొడుగునా ఆ మాటలే వల్లె వేసుకున్నాను. సాదుల్లా తీసిండు, మైసూరుల అమ్మిండు, మా నాయినకు తెల్వదు. చెప్తే నాయిన మళ్లీ చావడి అరుగు మీద కూర్చుంటాడు, ఎత్తే హక్కు నాకు వస్తుంది. నింద పడేవాడే చెప్పమన్నాడు. ఇంకేం కావాలి?

పటాన్‌చెరులో బస్సు దిగితే నాయిన చింతచెట్టు కింద గొంగడి మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎప్పుడొస్తానో ఆయనకు తెలియదు. మూడు రోజులుగా ప్రతి బస్సూ చూస్తున్నాడట.

"కాక మంచిగున్నడా?"

"మంచిగున్నడు. దగ్గు ఉన్నది."

ఇద్దరం నడిచాం. ఊరు కనిపించాక ఆయన అడిగాడు.

"ఏమన్నడు?"

"తానే తీసిన్నన్నడు. గట్టిగ గుంజితే వచ్చిందన్నడు."

నాయిన నడక ఆగింది. మళ్లీ నడిచాడు. ఆ తర్వాత ఊరు చేరేదాకా ఆయన నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు.

పొద్దు వాలకముందే చావడి ముందు ఊరు కూడింది. నాయిన ఎప్పటిలాగే చివర చెప్పుల దగ్గర కూర్చున్నాడు. మొగులయ్య తొందరపడ్డాడు.

"దొరికిండా దొంగ? పెంకుటిల్లు సూసినవా?"

"ఆ ఊళ్ల కోళ్ల కొట్టానికి కూడ పెంకలే పటేలా."

కొందరు నవ్వారు. మొగులయ్యకు నచ్చలేదు. "ఇల్లు సంగతి ఇడువు. తీసిండా, లేదా? నేను ఆనాడే చెప్పిన. ఇగ మళ్ల ఆ మనుషులను ఎవర్నీ ఈ గడప తొక్కనియ్యొద్దు. వాళ్లను నమ్మితే గింతే. చెప్పు, అందరూ ఇంటున్నరు."

వల్లె వేసిన మాట గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెప్తే దొంగ అయ్యేది సాదుల్లా కాక ఒక్కడే కాదు, ఊళ్లో మిగిలిన నాలుగు ముసల్మాను ఇళ్లు కూడా అని అప్పుడు తెలిసింది. వాళ్లలో ఒకాయన గోడకు ఆనుకుని తల దించుకుని ఉన్నాడు. చెప్పుల వైపు తిరిగాను.

"నాయినా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

నాయిన లేవడానికి చాలాసేపు పట్టింది. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సాదుల్లా దాన్ని ముట్టలే. నేను లేపిన. వీణ్ని విడిపిచ్చుకొనీకె గోదామోళ్లకు ఇచ్చిన. సాదుల్లా తన మీద ఏసుకున్నడు. మీరందరు వాణ్ని దొంగ అన్నరు, ఏడేండ్లు నేను ఇన్న, కాదనలే. గంతే."

నన్ను విడిపించిన పేరు ఏడేళ్లు మోసిన మొగులయ్య దగ్గి, నీళ్లు తెమ్మన్నాడు. తర్వాత కేకలు లేచాయి. దేవుణ్ని అమ్ముకున్నోడన్నారు. ఎత్తే హక్కు ఆ రోజే ఎల్లయ్య ఇంటికి పోయింది. ఎల్లయ్యను పరదా లోపలికి తీసుకుపోయి కొయ్యచీల మర్మం చెప్పినవాణ్ణి నేనే. ఇంటికి పోతే అవ్వ అప్పటికే వాకిట్లో నీళ్లు పెట్టి ఉంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

జరిగింది లతీఫ్‌తో కాకకు కబురు పంపాం, ఇప్పుడు ఊరికి రావచ్చని. వానలు పడ్డాక జవాబు వచ్చింది. లతీఫ్ దాన్ని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"రానన్నడు. 'నాకు ఇజ్జత్ ఇయ్యనీకె సంగన్నది తీసిండ్రా? ఏడేండ్లు నేను మోసింది ఒక్కనాడు నీళ్లల్ల పోసిండ్రు. ఇగ ఆ ఊరికొచ్చి ఎవరి మొహం సూడాలె?' అన్నడు. మస్తు కోపమున్నడు."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన చేతిలో చెయ్యి వేసి వచ్చినవాణ్ణి. చేసింది తప్పో ఒప్పో నాకు ఈనాటికీ తేలలేదు.

మరునాడు పొద్దున చూస్తే నాయిన గొంగడి దులుపుతున్నాడు. పటాన్‌చెరు దాటి ఎరగని మనిషి, జొన్నలు ఒక సంచిలో, చింతచిగురు ఒక మూటలో కట్టుకున్నాడు. కొత్త పీరు ఎత్తడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

"ఈ పండుగకు నేను ఈడ ఉండ. ఆడికి పోత."

అక్కడ ఇప్పుడు ఆగకుండా వాన కురుస్తుందని చెప్పాను. దారి చెప్పాను, బండ్లు మారడం చెప్పాను, ఆయన వినలేదు. కాచిగూడ దాకా వెంట పోయి రైలెక్కించాను. ఆయన కిటికీ దగ్గర సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి కూసింది. నాకు భయం పట్టుకుంది.

"కాక కోపమున్నడు నాయినా. చిన్నమ్మ గడప తొక్కనియ్యకపోవచ్చు. అంత దూరం పోయి ఏమని చెప్తవ్?"

"ఏం చెప్త బిడ్డా" అన్నాడు నాయిన. "పోయి పక్కన కూసుంట."